లెన్సు చుట్టూ రాసి ఉండే నాలుగు అంకెలు

సూళ్లూరుపేట దగ్గర పనిచేసే ఒక టీచరు గారు ఓ ప్రశ్న పంపారు. చలికాలంలో పిల్లల్ని నేలపట్టు, పులికాట్ తీసుకెళ్తుంటారట. గూడబాతులైనా కాస్త దగ్గర్లో కనిపిస్తాయి గానీ, పులికాట్ నీళ్లలో ఎక్కడో దూరంగా నిలబడే ఫ్లెమింగోలు ఫోన్లో ఉత్త మరకలుగా వస్తున్నాయట. జేబులో పట్టాలి, జూమ్ గట్టిగా ఉండాలి. అలాంటి కెమెరా కోసం వెతికితే ఒకటి 40ఎక్స్, ఒకటి 30ఎక్స్, ఇంకొకటి 15ఎక్స్. తీరా చూస్తే 15ఎక్స్ దానికే ధర ఎక్కువ. "తక్కువ జూమ్‌కి ఎక్కువ డబ్బులేమిటండీ, ఇదేం లెక్క?" అని అడిగారు.

ఇది నాకు భలే ఇష్టమైన లెక్క. మెగాపిక్సెళ్లు, వైఫై, 4కె వీడియో, సెల్ఫీ కోసం తిరగబడే స్క్రీన్ లాంటివి చెప్పడానికి షాపులో మనుషులున్నారు. మనం సరాసరి లెన్సు దగ్గరికి వెళ్దాం. అద్దం చుట్టూ ఉన్న అంచు మీద సన్నని అక్షరాల్లో నాలుగు అంకెలు ఉంటాయి. 2019లో వచ్చిన పానాసోనిక్ టీజెడ్ 95 మీద అయితే 1:3.3-6.4/4.3-129 అని కనిపిస్తుంది.

వెనక నుంచి చదువుకుందాం. 4.3, 129 అనేవి మిల్లీమీటర్లలో నాభ్యంతరాలు, అంటే ఫోకల్ లెంత్‌లు. జూమ్ అసలు చేయకపోతే 4.3, చివరిదాకా చేస్తే 129. 129ని 4.3తో భాగిస్తే 30. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే 30ఎక్స్ ఇంతే. ఒక చివరకీ ఇంకో చివరకీ మధ్య ఎంత తేడా ఉందో అది చెబుతుంది, పిట్ట ఎంత పెద్దగా పడుతుందో చెప్పదు. పక్షుల ఫొటోగ్రాఫర్లు లక్షలు పోసి కొనే 600 మిల్లీమీటర్ల లెన్సుల్లో చాలావాటికి జూమే ఉండదు. పెట్టె మీది లెక్కలో అవి 1ఎక్స్!

ముందున్న 3.3, 6.4 అనేవి ఎఫ్ నంబర్లు. నాభ్యంతరాన్ని, లెన్సులోకి వెలుతురు దూరే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబరు. కాబట్టి తిరగేసి 129ని 6.4తో భాగిస్తే రంధ్రం వ్యాసం తెలిసిపోతుంది: 20 మిల్లీమీటర్లు. ఈ అంకెను ప్రకటనల్లో వేయగా నేను చూడలేదు. దూరంగా ఉన్నది ఎంత వివరంగా వస్తుందో, మసక వెలుతురులో ఎంత శుభ్రంగా వస్తుందో తేల్చేది మాత్రం ఇదే.

టీచరు గారి జాబితాలో మిగతా రెండిటికీ ఇదే భాగహారం చేద్దాం. 40ఎక్స్ అన్నది 2018 నాటి కెనాన్ ఎస్ఎక్స్ 740. దాని మీద చివరి అంకెలు 172, 6.9. భాగిస్తే 25 మిల్లీమీటర్లు. 15ఎక్స్ అన్నది అదే ఏడాది వచ్చిన పానాసోనిక్ టీజెడ్ 200. 132ని 6.4తో భాగిస్తే 20.6. అంటే 30ఎక్స్ కెమెరాకీ 15ఎక్స్ కెమెరాకీ రంధ్రం దాదాపు ఒకటే. అసలు తమాషా ఇక్కడ మొదలవుతుంది.

1835లో జార్జ్ ఎయిరీ అనే ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు, గుండ్రటి రంధ్రంలోంచి వచ్చిన నక్షత్రపు వెలుగు అవతల ఎలా పడుతుందో గణితంతో తేల్చాడు. లెన్సును ఎంత నిర్దోషంగా సానబట్టినా నక్షత్రం సూదిమొనలా పడదు. చిన్న బిళ్లగా, చుట్టూ పలచని వలయాలతో పడుతుంది. రంధ్రం గుండా వచ్చిన కాంతి తరంగం కొద్దిగా పక్కలకు విచ్చుకుంటుంది. రంధ్రం ఎంత చిన్నదైతే అంత ఎక్కువగా విచ్చుకుంటుంది. ఇంటర్ ఫిజిక్సులో వివర్తనం అని చదివింది దీన్నే. "1.22 లాంబ్డా బై డి" అని ఎంసెట్ కోసం బట్టీ పట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు, ఆ డి (రంధ్రం వ్యాసం) తమ జేబులోని ఫోన్‌కే ఉందని క్లాసులో విన్నవాళ్లు ఎంతమందో! ఫోన్ తీసి చూపించడానికి అర నిమిషం పట్టదు.

సూత్రంలో లాంబ్డాకి పచ్చటి కాంతి తరంగదైర్ఘ్యం, 550 నానోమీటర్లు, వేసి సరిచేస్తే నోటితో చేసుకునే లెక్క మిగులుతుంది. 138ని రంధ్రం మిల్లీమీటర్లతో భాగించండి. ఆ లెన్సు విడదీసి చూపగల అతి చిన్న కోణం ఆర్క్ సెకన్లలో వస్తుంది. డిగ్రీకి 3600 ఆర్క్ సెకన్లు. మంచి కన్ను 60 దాకా విడదీస్తుంది. 20 మిల్లీమీటర్ల రంధ్రం 6.9 దాకా, 25 మిల్లీమీటర్లది 5.5 దాకా. ఫోన్ల జూమ్ లెన్సుల్లో రంధ్రం మామూలుగా సెంటీమీటరు లోపే కాబట్టి అవి 14 దగ్గరే ఆగిపోతాయి. ఇదంతా లెన్సులో ఏ లోపమూ లేదనుకుని చేసిన లెక్క. నిజం లెన్సులు, అందులోనూ జూమ్ చివరన, ఇంతకన్నా కాస్త తక్కువే ఇస్తాయి.

ఇక సెన్సర్, అంటే లెన్సు వెనక బొమ్మ పడే చిప్పు. చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చుక్కలు పిక్సెళ్లు అనుకోండి. వేళ్ల మధ్య నుంచి జారే పిండి గీత మందం ఎయిరీ బిళ్ల. గీత అంగుళం మందాన పడుతుంటే, చుక్కలు అర అంగుళానికొకటి పెట్టినా, పావు అంగుళానికొకటి పెట్టినా ముగ్గులో కొత్త మెలిక పుట్టదు. చుక్కలు పిండి కింద పూడిపోతాయి, అంతే. టీజెడ్ 95లో జూమ్ చివరన బిళ్ల వెడల్పు 2.44 × 0.55 × 6.4 (1.22కి రెట్టింపు, మైక్రాన్లలో తరంగదైర్ఘ్యం, ఎఫ్ నంబరు), అంటే 8.6 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని సెన్సర్ వెడల్పు 6.2 మిల్లీమీటర్లు. అందులో అడ్డంగా 5184 పిక్సెళ్లు ఇరికించారు, ఒక్కోటి 1.2 మైక్రాన్లు. ఒక గీత మందంలో ఏడు చుక్కలు పూడిపోతున్నాయన్నమాట. టీజెడ్ 200లో సెన్సర్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, పిక్సెల్ 2.4 మైక్రాన్లు. ఎఫ్ నంబరు అదే 6.4 కాబట్టి గీత మందం కూడా అదే 8.6. ఇక్కడ పూడిపోయే చుక్కలు మూడున్నర.

ఈ ముగ్గుతోనే పాలపిట్టను గీద్దాం. యాభై మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద కూర్చుంది, ముక్కు నుంచి తోక దాకా 30 సెంటీమీటర్లు. పాత ఫిల్ము కెమెరాల కొలతలోకి మారిస్తే టీజెడ్ 95 జూమ్ చివర 720 మిల్లీమీటర్లు, టీజెడ్ 200ది 360. మొదటిదాంట్లో ఫ్రేము వెడల్పు సుమారు రెండున్నర మీటర్ల మేర చూపిస్తుంది, రెండోదాంట్లో అయిదు మీటర్లు. మొదటి ఫొటోలో పిట్ట రెండింతలు పెద్దగా ఉంటుంది, చూడగానే మనం దానికే ఓటు వేస్తాం. కానీ ఆ దూరంలో ఒక్కో బిళ్ల సుమారు 3.3 మిల్లీమీటర్లు. పిట్ట పొడవునా పట్టేది సుమారు తొంభై బిళ్లలు. 720తో తీసినా తొంభయ్యే, 360తో తీసి నాలుగు పక్కలా కత్తిరించి పెద్దది చేసినా తొంభయ్యే. కత్తిరించగా మిగిలే 5 మెగాపిక్సెళ్లు ఆ తొంభై గీతలకు దాదాపు సరిపోతాయి. దాదాపు అని ఎందుకన్నానంటే, మూడున్నర చుక్కలంటే మరీ బొటాబొటి. అతి సన్నని ఈకల గీతల్లో 720 వైపు కొంచెం మొగ్గు ఉంటుంది. పైగా పిట్ట స్క్రీన్ మీద పెద్దగా కనిపిస్తే ఫోకస్ పెట్టడమూ తేలికే.

వెలుతురు సంగతీ అంతే. పిట్ట నుంచి వచ్చే కాంతిలో కెమెరాలోకి దూరేది రంధ్రం వైశాల్యాన్ని బట్టే. రెండిటిదీ ఒకే వైశాల్యం కాబట్టి, ఒకే షట్టర్ స్పీడులో రెండూ ఆ పిట్ట నుంచి ఒకే సంఖ్యలో ఫోటాన్లు పోగేస్తాయి. చీకటి పడే వేళ ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే నాయిజ్ కూడా, ఒకే సైజులో పెట్టి చూస్తే, రెండిట్లో ఇంచుమించు ఒకటే. పెద్ద సెన్సర్ ఉంటే దూరపు పిట్ట గొప్పగా వస్తుందని చెప్పేవాళ్లు ఈ భాగహారం చేసి ఉండరు.

మరి ఆ అదనపు డబ్బు దేనికి? జూమ్ చేయని చివర చూడండి. టీజెడ్ 95లో 4.3ని 3.3తో భాగిస్తే 1.3 మిల్లీమీటర్లు. టీజెడ్ 200లో 8.8ని 3.3తో భాగిస్తే 2.7. వ్యాసం రెట్టింపు, వెలుతురు నాలుగు రెట్లు. పెళ్లి మంటపంలో గ్రూపు ఫొటో, గుడి లోపల, సాయంత్రం క్లాసు గదిలో పిల్లలు, ఇక్కడ పెద్ద సెన్సర్ కెమెరా డబ్బుకు న్యాయం చేస్తుంది. కాబట్టి టీచరు గారూ, పక్షులు, చంద్రుడే ముఖ్యమైతే 25 మిల్లీమీటర్లున్న 40ఎక్స్ తీసుకోండి. 30ఎక్స్ కన్నా దాని అసలు లాభం పెట్టె చెప్పే 33 శాతం కాదు, 24 శాతమే. అయినా లాభం లాభమే. స్కూలు వార్షికోత్సవం కూడా అదే కెమెరాతో తీయాలంటే 15ఎక్స్.

జేబు కెమెరాలు ఈ 25 మిల్లీమీటర్లు దాటకపోవడానికి కారణం జేబే. రంధ్రం పెరిగితే ముందు అద్దం పెరుగుతుంది, అద్దాల మధ్య దూరమూ పెరుగుతుంది, గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి ముడుచుకున్నా నాలుగు సెంటీమీటర్ల మందంలో ఇమడవు. నికాన్ పీ 1000 (2018) ఈ పంతం వదిలేసింది. 539ని 8తో భాగిస్తే 67 మిల్లీమీటర్ల రంధ్రం, 125ఎక్స్, బరువు 1415 గ్రాములు. అది సంచిలో వేసుకునే కెమెరా. చంద్రుడి బింబం దాని సెన్సర్ ఎత్తును దాటిపోతుంది.

దీనికి ముందు 2015లో వచ్చిన పీ 900 భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేవాళ్లకు ఇష్టమైన కెమెరా అయిపోయింది. జూమ్ చేస్తే నక్షత్రాలు మిలమిలలాడే బిళ్లల్లా కనిపిస్తున్నాయి, కాబట్టి శాస్త్రజ్ఞులు చెప్పేది అబద్ధమని వీడియోలు పెట్టారు. ఫోకస్ తప్పిన లెన్సు, పైన కదిలే గాలి, రెండూ కలిస్తే ఏ నక్షత్రమైనా అలాగే కనిపిస్తుంది. చంద్రుడి మీద అమెరికా జెండా ఎందుకు కనిపించదని అడిగేవాళ్లకూ మన లెక్కే జవాబు. చంద్రుడి దగ్గర ఒక ఆర్క్ సెకను అంటే 1.86 కిలోమీటర్లు. ఎస్ఎక్స్ 740 పది కిలోమీటర్ల దాకా, పీ 1000 నాలుగు కిలోమీటర్ల దాకా విడదీస్తాయి. 93 కిలోమీటర్ల కోపర్నికస్ బిలం జేబు కెమెరాలోనే చక్కగా వస్తుంది. ఒకటిన్నర మీటరు జెండా రావాలంటే రంధ్రం 170 మీటర్లు ఉండాలి.

పాలపిట్ట అన్నాను కదా, దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మనవాళ్ల నమ్మకం. నమ్మకంతో నాకు పేచీ లేదు. పట్టి, పంజరంలో పెట్టి, జనానికి చూపించి డబ్బులు అడగడం దగ్గరే పేచీ. అది తెలంగాణ రాష్ట్ర పక్షి, పట్టడం నేరం. తీగ మీద కూర్చున్నదాన్ని యాభై మీటర్ల నుంచి చూపించే సాధనం ఇప్పుడు జేబులో పడుతుంది.

పులికాట్‌లో మాత్రం పొద్దెక్కితే ఏ లెన్సూ పనిచేయదు. వేడెక్కిన బురద మీద, నీటి మీద గాలి పొరలు కదులుతూ కాంతిని అటూఇటూ వంచుతాయి. 5.5, 6.9 అంటూ మనం పోల్చిన తేడాలన్నీ అందులో కలిసిపోతాయి. సూర్యుడు వచ్చిన మొదటి గంటలో తీయాలి. చేతి వణుకుకి పాత ఫిల్ము సూత్రం ప్రకారం 720 దగ్గర సెకనులో 720వ వంతు షట్టర్ కావాలి. కెమెరాలోని స్టెబిలైజర్ దాన్ని బాగా సడలిస్తుంది గానీ, రెక్క విదిల్చే పక్షిని అది ఆపలేదు. కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంటే ఎండలో ప్రాణం లేచొస్తుంది. టీజెడ్ 95లో, టీజెడ్ 200లో ఉంది. ఎస్ఎక్స్ 740లో లేదు. 2025లో వచ్చిన టీజెడ్ 99లో 30ఎక్స్ జూమ్ ఉంచి వ్యూఫైండర్ తీసేశారు, ఎందుకో నాకు మింగుడు పడలేదు.

టీచరు గారి జాబితాలోని మూడూ కొన్నేళ్ల నాటి మోడళ్లు, సెకండ్ హ్యాండ్‌లోనే ఎక్కువగా దొరుకుతాయి. ముడుచుకునే లెన్సు ప్రతిసారీ గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతో పాటు మన దుమ్మునీ. జూమ్ చివరిదాకా చేసి, ఎఫ్ నంబరును ఎంత పెద్దది పెట్టనిస్తే అంత పెట్టి, తెల్లగోడనో మబ్బు లేని ఆకాశాన్నో తీసి చూడండి. మసక మచ్చలు కనిపిస్తే దుమ్ము సెన్సర్ దాకా చేరినట్టే. ఈ కెమెరాలకు లెన్సు ఊడదు కాబట్టి మనం తుడవలేం, మొత్తం విప్పాల్సిందే. ఆ కూలి కూడా కలిపి ధర మాట్లాడుకోండి.