గ్లాసెడు నీళ్ల వయసు

దాహమేస్తే గ్లాసు ఎత్తి గటగటా తాగేస్తాం. ఆ నీళ్ల వయసెంతో అడగం. నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్ ఉంటాయని బళ్లో చదువుకున్నదే. ఆ హైడ్రోజన్ కేంద్రకాలు విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో తయారయ్యాయి, అంటే సుమారు 1,380 కోట్ల ఏళ్ల కిందట. ఆక్సిజన్ అంత పాతది కాదు. ఎప్పుడో పేలిపోయిన పెద్ద నక్షత్రాల కడుపులో ఉడికింది. ఫ్రిజ్‌లోంచి ఇప్పుడే తీసిన చల్లటి నీళ్లలోని సరుకంతా దాదాపు సూర్యుడికన్నా ముందు పుట్టిందే. అణువులు మాత్రం అంత పాతవి కావు. పక్కపక్కనున్నవి హైడ్రోజన్‌లను క్షణక్షణం మార్చుకుంటూనే ఉంటాయి. పాత ఇటుకలు, కొత్త ఇల్లు.

ఇది చదివి ఒక్క క్షణం ఆగారా? ఆ ఆగడమే అబ్బురం. డాకర్ కెల్ట్‌నర్, జోనథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో దీనికి రెండు గుర్తులు చెప్పారు: ఎదురైనది మనకన్నా చాలా పెద్దదనిపించాలి, మన మనసులోని పాత కొలతల్లో అది పట్టకూడదు. కొండలు, సముద్రాలే కావాలని ఇందులో ఎక్కడా లేదు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం 2020లో వచ్చింది. వర్జీనియా స్టర్మ్ అనే పరిశోధకురాలి బృందం 52 మంది పెద్దవయసు వాళ్లను ఎనిమిది వారాలపాటు వారానికోసారి పావుగంట నడవమంది. సగం మందికి మాత్రం, చుట్టూ ఉన్నవాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూడమని చెప్పింది. నడిచేటప్పుడు అందరూ సెల్ఫీలు తీసుకోవాలి. వారాలు గడిచేకొద్దీ ఆ సగం మంది ఫోటోల్లో తాము తక్కువ చోటు తీసుకుని, చుట్టూ ఉన్నదానికి ఎక్కువ చోటు వదిలారు. నవ్వు మాత్రం పెద్దదైంది! చిన్నబోవడం వేరు, చిన్నవాళ్లమనిపించడం వేరు. మొదటిదానిలో టెన్షన్ ఉంటుంది, రెండోదానిలో అది వదిలిపోతుంది.

మళ్లీ గ్లాసు దగ్గరికి. పావు లీటరు నీళ్లలో ఎన్ని అణువులుంటాయి? 8 పక్కన 24 సున్నాలు పెడితే ఎంతో, దాదాపు అన్ని. విశ్వం పుట్టిన రోజు మొదలుపెట్టి, సెకనుకు 2 కోట్ల చొప్పున లెక్కపెడుతూ వచ్చి ఉంటే లెక్క ఇప్పటికి తేలేది. కాగితం మీద ఈ గుణకారం వేసిన రోజు గ్లాసు చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. తర్వాత తాగేశాననుకోండి, దాహం కదా.