పొదగని పెట్ట, వేడెక్కే గుట్ట

గ్రేట్ నికోబార్ దీవి అడవుల్లో చూసిన పక్షుల గురించి గుంటూరులో ఒక హైస్కూల్లో చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "పెట్ట గుడ్ల మీద కూర్చోకపోతే పిల్లలెలా వస్తాయి సార్?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. పొదగడమంటే పెట్ట కూర్చోవడమే అని మనం పిల్లలకు నేర్పేస్తాం. నిజానికి గుడ్డుకు కావలసింది వేడి. అది ఎక్కణ్ణుంచి వచ్చినా దానికి ఒకటే.

అనుమతుల టెన్షన్, క్యాంప్‌బెల్ బే దాకా ప్రయాణం, నికోబార్ పావురాలు, ఇవన్నీ వదిలేస్తాను. నేను వెళ్లింది మెగాపోడ్ కోసం. కోడంత గోధుమరంగు పక్షి, ఎర్రటి ముఖం, బలమైన కాళ్లు. తీరానికి దగ్గర అడవిలో ఇసుక, ఆకులు, మట్టి కాళ్లతో వెనక్కి చిమ్మి పెద్ద గుట్ట పోస్తుంది. అందులో లోతుగా గొయ్యి తీసి, గుడ్డు పెట్టి కప్పేస్తుంది.

గడ్డి సరిగా ఆరకముందే వామి వేస్తే ఏమవుతుందో తెనాలి వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. లోపల చెయ్యి పెట్టలేనంత కాక పుడుతుంది. తడి గడ్డిని బాక్టీరియా, బూజు తింటూ, ఊపిరి తీసుకుంటూ వేడిని వదులుతాయి. వామి మందంగా ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. అదే గడ్డిని పలచగా పరిస్తే చల్లగానే ఉంటుంది, ఎందుకంటే పుట్టిన వేడి పుట్టినట్టే గాలిలో కలిసిపోతుంది. గడ్డి పూర్తిగా ఎండితే సూక్ష్మజీవులకు పని లేదు. నీళ్లు నిండి అణిగిపోతే గాలి ఆడక వాటి పని మందగిస్తుంది. తడి, గాలి, మందం, ఈ మూడూ కుదరాలి. మెగాపోడ్ కుదిర్చేది అదే. గుట్టను మాటిమాటికీ తవ్వి గాలి ఆడేలా చేస్తుంది, కొత్త ఆకులు తెచ్చి వేస్తుంది. వామి కాగితే రైతుకు నష్టం, మెగాపోడ్‌కు అదే సంసారం.

మెగాపోడ్ జాతుల గుట్టల్లో గుడ్ల దగ్గర మామూలుగా 32–36 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. కోడిగుడ్డుకు 37.5 కావాలి. కోడిపిల్ల 21 రోజులకు వస్తే, దీనికి రెండు నెలలు దాటుతుంది. అంతకాలం తిండి కావాలి కాబట్టి గుడ్డు లోపలి సరుకులో సగం, అంతకు మించి కూడా పచ్చసొనే. కోడిగుడ్డులో అది మూడో వంతు. ఇంకో చిక్కుంది. గుట్టలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేసి కార్బన్ డయాక్సైడ్ నింపుతాయి. అందుకే పెంకు బాగా పలచన. పిండం పెరిగేకొద్దీ పెంకులోని కాల్షియం వాడుకోవడంతో అది ఇంకా పలచనై, లోపలికి గాలి మరింత సులువుగా అందుతుంది.

మన ఊళ్లలో గుడ్లు పొదగేస్తే, ఉరుములకు మురిగిపోతాయని గంపలో ఇనుపముక్క, బొగ్గు పెడతారు. వానాకాలమంతా ఉరిమే దీవిలో మెగాపోడ్ గుడ్లకు ఏ ఇనుపముక్కా లేదు. గుడ్డు మురిగేది విత్తు లేకపోయినా, క్రిములు చేరినా, వేడి తప్పినా. ఇది పాఠంలో చెప్పాలి.

పిల్ల పెంకును కాళ్లతో తన్ని పగలగొట్టి, గుట్టను తవ్వుకుంటూ పైకొస్తుంది. ఒంటినిండా ఈకలతో పుడుతుంది, త్వరలోనే ఎగురుతుంది. తల్లి పోషణ ఉండదు.

తీరాన్ని నమ్ముకోవడం దీనికి గండమైంది. 2004 డిసెంబర్ 26 భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ తీరం మీటర్ల లోతున కుంగింది, సునామీ చాలా గుట్టల్ని తుడిచేసింది. మెగాపోడ్‌లు గుడ్లు పెట్టే, అదే దీవిలోని గలతియా తీరంలో ఇప్పుడు ఓడరేవు కట్టాలంటున్నారు. నాకు ఇది ఏమాత్రం నచ్చలేదు. గుట్టకు కావలసిన ఇసుక, ఆకులు, నీడ ఒకేచోట దొరికే తీరాన్ని ఇంకోచోట తయారు చెయ్యలేం.

అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఫోటో కోసం గుట్ట ఎక్కకండి. కాలి బరువుకు అది అణిగితే లోపల గాలి సందులు మూసుకుపోతాయి, వేడి తగ్గుతుంది, పలచని పెంకులు చితికిపోతాయి.