ఇన్‌ఫార్మల్ లెటర్: తరగతి గదిలో పాతుకుపోయిన కొన్ని అపోహలు

పదో తరగతి విద్యార్థులు మొదలుకొని విదేశాలకు వెళ్లడం కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసే ఉద్యోగుల వరకు, స్నేహితుడికి ఇంగ్లీషులో ఉత్తరమో ఈమెయిలో రాయమన్నప్పుడు వారి కాగితాల్లో నాకు వ్యాకరణ దోషాల కంటే ఎక్కువగా ధోరణి దోషాలే కనిపిస్తాయి. వాక్యంలో తప్పు ఉండదు, కానీ ఏ స్నేహితుడూ స్నేహితుడికి అలాంటి వాక్యం రాయడు. ఇందులో పిల్లల తప్పు తక్కువ, వారికి మేం నేర్పిన నమూనాల తప్పు ఎక్కువ.

అపోహ: ఇన్‌ఫార్మల్ అంటే నియమాలు లేని ఇంగ్లీషు.

వాస్తవం: ఈ సంగతి తెలుగువారికి సులభంగా అర్థం కావాలి. గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికాన్ని కాదని వ్యావహారికం కోసం వాదించినప్పుడు ఎవరికి తోచినట్లు వారు రాయమనలేదు. చదువుకున్నవారు మర్యాదగా మాట్లాడుకునే శిష్ట వ్యావహారికాన్ని రాతలోకి తెమ్మన్నారు. ఇన్‌ఫార్మల్ ఇంగ్లీషు కూడా అటువంటిదే. వాక్యం పూర్తిగా ఉంటుంది, విరామ చిహ్నాలు ఉంటాయి, పేరాలు ఉంటాయి. మారేది పదాల ఎంపిక, పలకరింపులోని చనువు. ‘యు’ అనే మాటకు బదులు ఒక్క అక్షరం పెట్టి వదిలేయడం వాట్సాప్‌లో చెల్లుతుందేమో గాని పరీక్షలో అది స్పెల్లింగ్ తప్పుగానే లెక్కకు వస్తుంది.

అపోహ: ఉత్తరం ‘ఐ యామ్ క్వయిట్ వెల్ హియర్ అండ్ హోప్ ద సేమ్ విత్ యు’ అనే వాక్యంతోనే మొదలు కావాలి.

వాస్తవం: ఇది మన ‘ఉభయకుశలోపరి’కి ఇంగ్లీషు వేషం. ‘మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను’ అని రాయకుండా తెలుగు ఉత్తరం కదిలేది కాదు. వార్త చేరడానికి రోజులు పట్టే కాలంలో ఆ మాటకు నిజంగానే విలువ ఉండేది. ఇంగ్లీషులో స్నేహితులు సాధారణంగా తమ మధ్య చివరగా జరిగిన సంగతిని అందుకుని మొదలుపెడతారు. అవతలివారు రాసినదానికి జవాబైతే ‘ఇట్ వాజ్ గ్రేట్ టు హియర్ ఫ్రమ్ యు’ అంటారు, చాలాకాలం రాయకుండా ఉంటే ‘సారీ ఐ హావెంట్ రిటన్ ఫర్ ఏజెస్’ అంటారు. ఒకటి రెండు వాక్యాల్లో పలకరింపు ముగించి విషయంలోకి వెళ్తారు. అయితే పాఠశాల పరీక్షలో పాత వాక్యం రాసిన విద్యార్థికి నేను మార్కులు తగ్గించను, ఎందుకంటే ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి కంఠస్థం చేయించింది మేమే.

అపోహ: ‘డియర్’ అంటే ‘ప్రియమైన’ కనుక చనువు లేనివారికి రాయకూడదు.

వాస్తవం: సహోద్యోగినికి ఈమెయిల్ రాస్తూ ఈ మాట దగ్గర తడబడే అబ్బాయిలను చాలామందిని చూశాను. ఉత్తరం మొదట్లో వచ్చే ‘డియర్’లో ప్రేమ ఏమీ లేదు, బాకీ కట్టమని హెచ్చరించే నోటీసు కూడా దానితోనే మొదలవుతుంది. నిజానికి స్నేహితుల మధ్య ఈమెయిళ్లలో ఇప్పుడు ‘హాయ్’ ఎక్కువ, ‘డియర్’ తక్కువ.

అపోహ: ‘ప్లీజ్’ గాని ‘కైండ్లీ’ గాని చేరిస్తే ఏ వాక్యమైనా మర్యాదగా మారుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, దీని మూలం మన భాషలోనే ఉంది. తెలుగులో గౌరవమంతా క్రియ చివర ఉంటుంది: ‘పంపు’ అన్నదాన్ని ‘పంపండి’ అంటే చాలు, పని అయిపోతుంది. ఇంగ్లీషులో నువ్వుకూ మీరుకూ తేడా లేదు, క్రియ చివర ‘అండి’ చేర్చే వీలు లేదు. అందువల్ల ఆ భాష గౌరవాన్ని వాక్యం నిర్మాణంలో చూపిస్తుంది. ‘ప్లీజ్ సెండ్ మీ ద ఫొటోస్’ అన్నది మనకు ‘దయచేసి పంపండి’లా వినిపించినా, ఇంగ్లీషు మాతృభాష అయినవారికి కొంత ఆజ్ఞలా తోచవచ్చు. ‘కుడ్ యు సెండ్ మీ ద ఫొటోస్ వెన్ యు గెట్ అ ఛాన్స్?’ అని ప్రశ్నగా మార్చితే అవతలివారికి కాదనే వెసులుబాటు మిగులుతుంది, మర్యాద ఆ వెసులుబాటులో ఉంది. అడిగే సాయం పెద్దదయ్యే కొద్దీ వాక్యం కూడా పొడుగవుతుంది. ఫొటోలు అడగడానికి ‘కెన్ యు’ సరిపోతుంది గాని, వారం రోజులు వారింట్లో ఉండనివ్వమని అడగాలంటే దగ్గరి స్నేహితుడైనా ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ అని నెమ్మదిగా మొదలుపెడతాడు. ఇక ‘డు ద నీడ్‌ఫుల్’ (అవసరమైనది చేయండి) ఒకప్పటి బ్రిటిష్ కార్యాలయ భాష. మన ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది, కానీ స్నేహితుడి ఉత్తరంలో కనిపిస్తే తహసీల్దారుకు పెట్టిన అర్జీ గుర్తొస్తుంది.

అపోహ: ‘ఐ యామ్’ను ‘ఐమ్’ అని, ‘డు నాట్’ను ‘డోంట్’ అని కుదించి రాయడం తప్పు.

వాస్తవం: అధికారిక లేఖలో మానుకోవడం మంచిదే. ఇన్‌ఫార్మల్ లేఖలో మాత్రం కుదించకపోతేనే వాక్యం బిగుసుకుపోతుంది. అపాస్ట్రఫీ ఉన్న ‘ఇట్స్’కూ (ఇట్ ఈజ్) లేని ‘ఇట్స్’కూ (దాని) తేడా మాత్రం మరవకూడదు, దీన్ని దిద్ది దిద్ది నా ఎర్ర సిరా చాలా ఖర్చయింది.

జాతీయాలు గుప్పిస్తే భాష సహజంగా ఉంటుందన్నది కోచింగ్ కేంద్రాలు పెంచిన మరో భ్రమ. జోరువానకు వాడే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనే జాతీయాన్ని, అంటే పిల్లులు, కుక్కలు కురిసే వాన గురించి నా విద్యార్థులు రాసినన్ని సార్లు నేను మరెక్కడా చదవలేదు.

అపోహ: అన్ని పరీక్షల్లోనూ ఉత్తరం స్వరూపం ఒక్కటే.

వాస్తవం: పాఠశాల పరీక్షల కోసం కుడివైపు పైన ఊరు, తేదీ, చివర కవరు మీది చిరునామా రాయిస్తాం, వాటికి మార్కులుంటాయి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ మొదటి టాస్క్‌లో చిరునామా అవసరమే లేదు. సుమారు 20 నిమిషాల్లో కనీసం 150 పదాలు రాస్తూ, ఇచ్చిన మూడు అంశాలనూ ప్రస్తావించాలి. ధోరణి సందర్భానికి తగినట్లు ఉందా అన్నది కూడా చూస్తారు కనుక, స్నేహితుడికి రాసిన లేఖను ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో ముగిస్తే చెడ్డ ముద్ర పడుతుంది. బ్రిటిష్ పద్ధతిలో అది పేరు తెలియని వ్యక్తిని ‘డియర్ సర్’ అని సంబోధించినప్పటి ముగింపు. మనం ఇష్టంగా రాసే ‘యువర్స్ లవింగ్లీ’ అక్కడివారికి పాతకాలపు మాటలా తోస్తుంది. స్నేహితులకు ‘బెస్ట్ విషెస్’, ‘టేక్ కేర్’ చాలు.

అపోహ: పేరు ముందు ‘మిస్టర్’ పెడితే గౌరవం.

వాస్తవం: ఇంటిపేరు ముందు పెడితేనే గౌరవం. మనకు ఇంటిపేరు మొదట వస్తుంది, ఇంగ్లీషువారికి చివర వస్తుంది. అందువల్ల మనవారు తొందరలో ‘మిస్టర్ జాన్’ అనేస్తారు. ప్రొఫెసర్‌కు మొదటిసారి రాసేటప్పుడు హోదా, ఇంటిపేరు కలిపి రాయాలి. ఆయన జవాబు చివర ‘జాన్’ అని మాత్రమే సంతకం చేస్తే తర్వాతి ఈమెయిల్‌ను సాధారణంగా ‘డియర్ జాన్’ అని మొదలుపెట్టవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు నా విద్యార్థిని ఒకరు గురువును పేరుపెట్టి పిలవడానికి మనసొప్పక, సెమిస్టర్ అంతా పేరే లేకుండా ‘హలో’తో నెట్టుకొచ్చారు.