రంగు కన్నా ముందు వెలుగునీడలు

బొమ్మలు వేయడం నేర్పే పుస్తకాల్లో దాదాపు అన్నిటిలోనూ మొదట్లోనే ఒక జాబితా కనిపిస్తుంది: గీత, ఆకారం, ఘనరూపం, వెలుగునీడలు, రంగు, ఉపరితలం, స్థలం. దృశ్యకళకు ఇవే మూలాంశాలు అంటారు. ఇలా ఒకే వరసలో చెప్పడం వల్ల ఏడింటికీ సమానమైన బరువుందని అనిపిస్తుంది. కానీ మన కన్నూ మెదడూ పనిచేసే తీరు చూస్తే, వీటిలో ఒకటి మిగతావాటన్నిటినీ మోస్తోందని తెలుస్తుంది. అది వెలుగునీడల తేడా. కొత్తగా నేర్చుకునేవాళ్లు తొందరలో దాటేసేది కూడా దాన్నే.

ముందు గీత సంగతి చూద్దాం. లోకంలో ఏ వస్తువు చుట్టూ గీత ఉండదు. ఎవరి చెంపకూ నల్లటి అంచు లేదు. అయినా కాగితం మీద నాలుగు గీతలు గీస్తే అది ముఖమని ఇట్టే గుర్తుపడతాం. దీని వెనక ఉన్న కారణం 1958లో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజెల్ అనే నాడీశాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో బయటపడింది. పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన భాగంలోకి సన్నటి ఎలక్ట్రోడ్ దించి, ఒక్కో నాడీకణం దేనికి స్పందిస్తుందో వాళ్లు వెతుకుతున్నారు. తెర మీద చుక్కలు ఎన్ని చూపించినా కణం పెద్దగా పట్టించుకోలేదు. ఒకసారి గాజు స్లైడును లోపలికి తోస్తుండగా మాత్రం అది ఒక్కసారిగా చెలరేగింది. కదిలించింది స్లైడు మీది చుక్క కాదు, స్లైడు అంచు తెర మీద వేసిన సన్నటి నీడ. ఆ నీడ ఒక ప్రత్యేకమైన వాలులో ఉన్నప్పుడే కణం స్పందిస్తోంది. ఈ దారిలో సాగిన పరిశోధనకు 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే మెదడు మొదట వెతికేది వెలుగూ చీకటీ కలిసే సరిహద్దుని. మనం గీసే గీత ఆ సరిహద్దుకు పెట్టిన గుర్తు. గీత ఒక చోట మొదలై తిరిగి అక్కడికే చేరితే ఆకారం వస్తుంది. అది ఇంకా చదునుగానే ఉంటుంది. దానికి లోతూ గుండ్రతనమూ వచ్చి ఘనరూపం కావాలంటే గీత ఒక్కటే చాలదు.

ఇది తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి పాఠం కోడిగుడ్డు. తెల్ల కాగితం మీద తెల్ల గుడ్డు పెట్టి, ఎడమవైపు పైనుంచి ఒకే ఒక దీపం వెలుగు పడేలా చూడండి. మిగతా లైట్లు ఆర్పేయండి. దీపానికి ఎదురుగా ఉన్న చోట గుడ్డు బాగా వెలుగుతుంది. కుడివైపు వెళ్లేకొద్దీ మెల్లగా మసకబారుతుంది. అన్నిటికన్నా ముదురు నీడ కుడి అంచు దగ్గరే ఉంటుందని అనుకుంటాం. జాగ్రత్తగా చూస్తే ఆ ముదురు పట్టీ అంచుకు కాస్త ఇవతలే ఉంటుంది. కాగితం మీద పడి తిరిగొచ్చే వెలుతురు గుడ్డు కింది అంచుని కొద్దిగా లేత చేస్తుంది. కాగితం మీద పడే నీడ గుడ్డు ఆనిన చోట చిక్కగా ఉండి, దూరం పోయేకొద్దీ అంచు కరిగిపోతుంది. ఇక ఎడమవైపు చూస్తే గుడ్డు వెలుతురూ కాగితం వెలుతురూ ఒకటైన చోట అంచే కనిపించదు. అక్కడ గీత గీస్తే అది కంటికి కనిపించినది కాదు, తెలిసినది మాత్రమే.

ఇక్కడే చాలామంది బొమ్మ చెడుతుంది. గుడ్డు తెల్లనిదని మెదడుకు తెలుసు కాబట్టి నీడను కూడా తెలుపుకు దగ్గరగా వేసేస్తాం. ఇది శ్రద్ధ లేకపోవడం కాదు, చూపు తీరే అంత. వస్తువు మీద ఎంత వెలుతురు పడుతోందో మెదడు తనంతట తాను లెక్కగట్టి, దాన్ని తీసేసి అసలు రంగేమిటో చెబుతుంది. 1995లో చూపు మీద పరిశోధించే శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఏడెల్సన్ తయారుచేసిన గళ్ల బల్ల బొమ్మలో ఇది తేటగా తెలుస్తుంది. అందులో నీడలో ఉన్న ‘తెల్ల’ గడి, వెలుతురులో ఉన్న ‘నల్ల’ గడి సరిగ్గా ఒకే బూడిదరంగు. ఆ సంగతి తెలిశాక కూడా రెండూ వేరువేరుగానే కనిపిస్తాయి. అందుకే చిత్రకారులు కళ్లు సగం మూసి చూస్తారు. అప్పుడు చిన్న వివరాలు చెదిరిపోయి, వెలుగు ముద్దలూ నీడ ముద్దలూ మాత్రం మిగులుతాయి. అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి అందులోంచి చూసినా, చుట్టుపక్కల ఆధారాలు తెగిపోయి అసలు ముదురు ఎంతో బయటపడుతుంది.

రంగు దగ్గరా ఇదే కథ. పారిస్‌లోని గోబెలిన్స్ తివాచీల కర్మాగారంలో అద్దకాల విభాగానికి రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్ అధికారిగా ఉన్నప్పుడు, నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగులే నలుపును వెలిసినట్టు చూపిస్తున్నాయి. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో ఆయన పెద్ద గ్రంథమే రాశాడు. తర్వాత 1905లో అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ ప్రతి రంగుకూ మూడు లక్షణాలుంటాయని క్రమబద్ధంగా చెప్పాడు: అది ఏ రంగు, ఎంత లేతో ముదురో, ఎంత గాఢమో. ఎరుపు, నీలం అంటూ మనం మాట్లాడుకునేది మొదటిదాని గురించే. బొమ్మ నిలబడేది మాత్రం ఎక్కువగా రెండోదాని మీద.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో వేసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ దీనికి అందమైన ఉదాహరణ. బూడిదనీలపు పొగమంచులో నారింజరంగు సూర్యుడు అదురుతున్నట్టు ఉంటాడు. ఆ చిత్రాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే సూర్యుడు దాదాపు మాయమవుతాడు. రంగు వేరైనా అతని వెలుతురు స్థాయి ఆకాశంతో ఇంచుమించు సమానం. లోతునూ స్థానాన్నీ కదలికనూ పసిగట్టే మెదడు భాగాలు ఎక్కువగా వెలుతురు తేడా మీదే ఆధారపడతాయి కనుక, వాటికి ఆ సూర్యుడు సరిగ్గా అందడు, అందుకే ఒక చోట నిలవనట్టు కనిపిస్తాడు. ఆ అదురుకు హార్వర్డ్ నాడీశాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ ఇచ్చిన వివరణ ఇదే.

ఉపరితలం, స్థలం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గరుకుతనం వెలుతురు పక్కనుంచి పడ్డప్పుడు బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి చిన్న గుంటకూ ఒక నీడ వస్తుంది. దూరపు కొండలు లేతగా, నీలంగా ఉండటానికి మధ్యలోని గాలి చెదరగొట్టే వెలుతురు కారణం. సమాంతర గీతలు ఒక బిందువు దగ్గర కలిసేలా గీసే పద్ధతిని 1435లో ఇటలీ పండితుడు లియోన్ బాటిస్టా ఆల్బెర్టీ రాతపూర్వకంగా వివరించాడు. దాన్ని స్కేలుతో నేర్చుకోవచ్చు.

సాధన మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పెన్సిల్‌తో తెలుపు నుంచి నలుపు దాకా అయిదు మెట్ల పట్టీ వేయండి, మెట్టుకూ మెట్టుకూ తేడా సమానంగా ఉండాలి. అది చేతికొచ్చాక గుడ్డు. ఆ తర్వాతే రంగులు. ఒక్కో మెట్టుకు సరిపోయేలా ఎరుపును, నీలాన్ని, పసుపును కలిపి చూడండి. సరిపోయిందో లేదో ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే తెలిసిపోతుంది. నీలంతో లేత మెట్టు కావాలంటే తెలుపు కలపాలి, గాఢత కొంత పోతుంది. పసుపుతో పై మెట్లు తేలికగా వస్తాయి. కింది మెట్టు కోసం నలుపు కలపగానే మాత్రం అది పసుపుగా ఉండదు, ముదురు ఆకుపచ్చలోకి తిరుగుతుంది.