బోలీటు దొరికిందా? గుర్తింపుపై అపోహలు - వాస్తవాలు

వానలు పడ్డాయంటే చాలు, ములుగు, తాడ్వాయి వైపు వెళ్లినవాళ్ల నుంచి నాకు వాట్సాప్‌లో పుట్టగొడుగుల ఫొటోలు మొదలవుతాయి, "సార్, ఇది అరుదైనదా? తినొచ్చా?" అని. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఈ రెండూ తేలవు. వాటిలో బోలీటు అంటే, గొడుగు కింద రేకులకు బదులు స్పాంజిలాంటి రంధ్రాల పొర ఉండే పుట్టగొడుగు.

అపోహ: గొడుగు కింద రంధ్రాలుంటే అది బోలీటే.
వాస్తవం: మొద్దుల మీద గట్టిగా పెరిగేవాటికీ రంధ్రాలుంటాయి. బోలీటు మెత్తగా ఉంటుంది, చాలావాటిలో ఆ స్పాంజి పొరను గోటితో లాగితే గుజ్జు నుంచి విడిపడి వస్తుంది.

అపోహ: కోస్తే నీలం అయిందంటే విషం.
వాస్తవం: గుజ్జులోని వేరియగాటిక్ ఆమ్లం లాంటివి గాలి తగిలి ఆక్సీకరణ చెందితే ఆ రంగు వస్తుంది, అంతే. యూరప్‌లో గైరోపోరస్ సయనెసెన్స్ అనే బోలీటు కోయగానే ముదురు నీలం అవుతుంది, దాన్ని తింటారు. విషమున్న రూబ్రోబోలీటస్ సటానాస్ కూడా నీలమే అవుతుంది. అయితే జాతిని పట్టుకోవడానికి ఈ రంగు చాలా పనికొస్తుంది. నిలువుగా కోసి, వెంటనే ఒకటి, పది నిమిషాలాగి ఒకటి ఫొటో తీయండి. నీలం ముందు గొడుగులో వచ్చిందా, కాడ అడుగున వచ్చిందా రాసుకోండి.

అపోహ: ఏ చెట్టు కింద కనిపిస్తే ఆ చెట్టుతోనే దాని పొత్తు.
వాస్తవం: మిశ్రమ అడవిలో అందరూ బోల్తా పడేది ఇక్కడే. చాలా బోలీటులు చెట్ల వేళ్ల చివర్లను తొడుగులా అల్లుకుని, ఖనిజాలిచ్చి చక్కెరలు తీసుకుంటాయి. మన దగ్గర ఎక్కడ చూసినా టేకే, కానీ టేకు వేళ్లకు ఈ రకం పొత్తు ఉండదు. అందుకే టేకు కింద దొరికితే చుట్టూ చూడండి, నీలగిరి ఉందేమో, ఎందుకంటే దాని వేళ్లకు ఉంటుంది. ఫ్లెబోపస్ పోర్టెంటోసస్ అనే బోలీటునైతే చైనాలో చెట్టు అవసరం లేకుండానే సాగు చేస్తున్నారు!

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పురుగు తింటే మనమూ తినొచ్చని, బాగా ఉడికిస్తే విషం పోతుందని చెప్పేవి ఏవీ నమ్మకండి. అమానిటా అనే వేరే రకం పుట్టగొడుగుల్లో కొన్నిటిలో ఉండే ప్రాణాంతక విషం ఉడికించినా పోదు, వాంతులు కూడా ఆరు గంటలు దాటాకే మొదలవ్వొచ్చు.

అపోహ: ఫోన్ యాప్ పేరు చెప్తే సరిపోతుంది.
వాస్తవం: యాప్‌కు బీజాల (స్పోర్ల) రంగు కనిపించదు. గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి, రాలిన బీజాల రంగు కాగితం మీద కనిపిస్తుంది. చాలా బోలీటులకు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, టైలోపిలస్ రకం బోలీటులకు గులాబీ ఛాయ వస్తుంది. కాడను కోయకుండా అడుగు నుంచి తవ్వి తీయాలి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోనైతే అనుమతి లేకుండా తవ్వొద్దు. ఇంటికి తెచ్చేటప్పుడు పాలిథిన్ కవర్ వద్దు, కాగితంలో చుట్టండి, బీజాల కోసం ఉంచిన గొడుగు కాక మిగతాది పలుచగా కోసి అదే రోజు ఆరబెట్టండి, లేదంటే మర్నాటికి పురుగు పట్టి మెత్తబడిపోతుంది.