అలారం మోగింది, కెర్నెల్ లోపల గడియ పెట్టుకుని ఉంది

మే నెలలో ఒక రాత్రి రెండున్నరకి మావయ్య ఫోన్. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ఆయన మేనేజరు. "అల్లుడూ, నీ డబ్బా మొద్దునిద్ర పోయింది, పాత హూటరే మోగి మమ్మల్ని లేపింది, పొద్దున్నే ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

డబ్బా అంటే, ఫిబ్రవరిలో కొత్త కాయ యార్డుకి దిగుతున్న రోజుల్లో నేను ముచ్చటపడి పెట్టించిన లినక్స్ బోర్డు, ఓ చిన్న కంప్యూటరు. అరచేయంత ఉంటుంది, నాలుగు కోర్ల ప్రాసెసర్, అంటే ఒకేసారి నాలుగు పనులు నడుస్తాయి. ఎనిమిది ఛాంబర్లలో ఎనిమిది ఎల్ఎం75 ఉష్ణోగ్రత సెన్సర్లు, ఎక్కడైనా 10 డిగ్రీలు దాటితే మావయ్య ఫోన్‌కి మెసేజ్ పోవాలి. ఆ రాత్రి కరెంటు ఊగిసలాడి ఒక కంప్రెసర్ ట్రిప్పయింది. ఛాంబర్ వేడెక్కింది. మెసేజ్ రాలేదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఎలక్ట్రీషియన్ బిగించిన థర్మోస్టాట్ ఒకటి గోడకుంది, దానికీ హూటర్‌కీ మధ్య రెండు తీగలు తప్ప ఇంకేమీ లేవు, మోగింది మాత్రం అదే.

విజయవాడ నుంచి మొదటి బస్సు పట్టుకుని వెళ్లేసరికి స్క్రీన్ మీద గడియారం 1:47:09 దగ్గర ఆగి ఉంది. కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. ఈ ఒక్క లక్షణం చాలు, లోపల కెర్నెలే, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపే లినక్స్ గుండెకాయే, బిగుసుకుపోయిందని చెప్పడానికి. మామూలు ప్రోగ్రామ్ ఏదైనా చెడితే ఆ లైటు వెలుగుతుంది.

సెన్సర్ అలారం ప్రాసెసర్‌ను ఎలా చేరుతుందో ముందు చెప్పాలి. రెండు దార్లున్నాయి. పాలు పొయ్యి మీద పెట్టి నిమిషానికోసారి వెళ్లి పొంగాయా అని చూడటం ఒకటి, కుక్కర్ పెట్టి విజిల్ వచ్చినప్పుడు లేచి వెళ్లడం రెండోది. ఈ రెండోదే ఇంటరప్ట్. ఎల్ఎం75కి అందుకే ప్రత్యేకంగా ఒక కాలు ఉంది, వేడి హద్దు దాటగానే అది వోల్టేజీని కిందికి లాగుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి, ఎక్కడ వదిలిందో గుర్తు పెట్టుకుని, ఆ అలారానికి రాసిన చిన్న ప్రోగ్రామ్‌లోకి, అంటే హ్యాండ్లర్‌లోకి దూకుతుంది. ఎక్కడిదక్కడ అంటే నిజంగానే ఎక్కడిదక్కడ, రెండు మెషీన్ ఆదేశాల మధ్య ఏ సందులోనైనా. 1950ల చివర్లో డచ్ వాళ్లు ఎలక్ట్రోలాజికా ఎక్స్1 అనే మెషీన్‌లో ఇంటరప్ట్ పెడతామన్నప్పుడు దానికి ప్రోగ్రామ్ రాయాల్సిన ఎడ్స్గర్ డైక్‌స్ట్రా హడలిపోయాడట, ఎందుకంటే ఇక మీదట తప్పు మళ్లీ అదే చోట అదే రకంగా కనిపించదు, వెతకడానికి దొరకదు. చివరికి ఒప్పుకున్నాడు, 1959లో దాని మీదే డాక్టరేటు కూడా తీసుకున్నాడు. ఆయన భయం నిజమేనని నాకు తెలియడానికి మాత్రం గుంటూరు దాకా రావాల్సి వచ్చింది.

ఆ "ఎక్కడిదక్కడ" ఎందుకు ప్రమాదమో యార్డు గుమాస్తాను చూస్తే తెలుస్తుంది. చిట్టాలో 250 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అని ఉంది, బయట లారీ నుంచి పది దిగాయి. 250 చూశాడు, మనసులో 260 అనుకున్నాడు, పెన్ను ఎత్తేలోపు ఎవరో పిలిచారు. ఆయన అటు వెళ్లగానే ఇంకో గుమాస్తా వచ్చి, వేరే లారీలో దిగిన ఐదింటిని కలిపి 255 అని రాసి పోయాడు. మొదటాయన తిరిగొచ్చి, మనసులో ఉన్న 260 దాని మీద కొట్టేసి రాశాడు. ఐదు టిక్కీలు గాల్లో కలిశాయి. ఇద్దరిలో ఎవరూ దొంగ కాదు, ఎవరూ కూడిక తప్పలేదు. చూడటం, కలపడం, రాయడం అనే మూడూ పూర్తయ్యేదాకా ఆ చిట్టాను ఇంకొకరు ముట్టకూడదు, అంతే. కెర్నెల్ భాషలో ఆ మూడు పనుల ముక్కే క్రిటికల్ సెక్షన్. ఒకేసారి ఒక్కరే లోపల ఉండేలా చూసే పద్ధతిని డైక్‌స్ట్రా 1965లో కాగితం మీద నిరూపించాడు, ఇదే పనికి తను తయారుచేసిన సాధనానికి సెమాఫోర్ అని రైల్వే సిగ్నల్ స్తంభం పేరు పెట్టుకున్నాడు.

రైల్వే పోలిక నాకు ఇంట్లోనే దొరికింది. తాతయ్య పాయింట్స్‌మన్‌గా చేశాడు. పాతకాలం సింగిల్ లైన్ల మీద స్టేషన్ మాస్టర్ దగ్గర ఒక పెట్టె, అందులోంచి ఒక ఇనుప బంతి, దాన్ని తోలు సంచిలో వేసి పెద్ద రింగుకి తగిలించి పట్టుకుంటే కదులుతున్న బండిలోంచే డ్రైవరు చెయ్యి చాపి అందుకునేవాడు. ఆ బంతి లేకుండా తర్వాతి స్టేషన్ దాకా ఉన్న ముక్కలోకి ఏ బండీ పోకూడదు. అవతలి స్టేషన్‌లో బంతి పెట్టెలో పడితే తప్ప రెండో బంతి బయటికి రాదు. కెర్నెల్‌లో లాక్ అంటే ఆ బంతి.

ఇక నేను చేసిన వెధవ పని. లినక్స్‌లో ఎల్ఎం75కి డ్రైవర్, అంటే ఆ సెన్సర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, ఎప్పటినుంచో ఉంది, అది వాడుకుంటే సరిపోయేది. లేదు, నాకు నా సొంత డ్రైవరే కావాలి. సెకనుకోసారి ఎనిమిది సెన్సర్ల విలువలు ఒక పట్టికలో రాసే కోడ్ ముక్క ఒకటి, అలారం వచ్చినప్పుడు అదే పట్టిక చూసే హ్యాండ్లర్ ఒకటి, రెండింటికీ కలిపి ఒక స్పిన్‌లాక్. స్పిన్‌లాక్ పేరుకు తగ్గట్టే ఉంటుంది, బంతి దొరక్కపోతే పక్కకెళ్లి కూర్చోదు, దొరికిందా దొరికిందా అని అక్కడే గింగిరాలు తిరుగుతుంది. రెండు కోర్లు పోటీ పడితే ఇది మంచి పద్ధతే, అవతలి కోర్ పాతిక మైక్రోసెకన్లలో వదిలేస్తుంది, ఇవతలిది అంతసేపు తిరుగుతుంది.

కానీ పట్టికలో రాస్తున్న కోర్ మీదకే అలారం వస్తే? రాసే ముక్క చేతిలో బంతి ఉంది. ఇంటరప్ట్ దాన్ని మధ్యలో ఆపేసి హ్యాండ్లర్‌ను ఎక్కించింది. హ్యాండ్లర్ బంతి కోసం తిరగడం మొదలుపెట్టింది. బంతి వదలాల్సినవాడు కదలాలంటే హ్యాండ్లర్ ముగియాలి, హ్యాండ్లర్ ముగియాలంటే బంతి రావాలి. పట్టాల ముక్క మధ్యలో చెడిపోయిన బండి దగ్గర బంతి ఉండిపోయింది, దాన్ని లాగడానికి పోవాల్సిన ఇంజను బంతి లేనిదే కదలనంటోంది. రైల్వేలో దీనికి వేరే రూలుంది, స్టేషన్ మాస్టర్ కాగితం రాసిచ్చి సాయం ఇంజనుని లోపలికి పంపుతాడు. కెర్నెల్‌లో అలాంటి కాగితం ఇచ్చేవాడు లేడు. ఆ కోర్ ఇక ఎప్పటికీ గింగిరాలే, దాని కోసం ఎదురుచూస్తూ మిగతా కోర్లూ ఒక్కొక్కటే నిలబడిపోతాయి. గడియారం 1:47:09.

మరి ఫిబ్రవరి నుంచి మే దాకా ఎలా నడిచిందంటే, లెక్క వేస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒక్కో విలువ రాయడానికి లాక్ ఓ 25 మైక్రోసెకన్లు పట్టుకుంటున్నా. ఎనిమిదింటికి సెకనులో 200 మైక్రోసెకన్లు, అంటే ఏ క్షణంలో చూసినా లాక్ చేతిలో ఉండే అవకాశం 5,000కి ఒకటి. అలారం కూడా అదే కోర్ మీదకి రావాలి, నాలుగింటిలో ఒకటి, అంటే 20,000కి ఒకటి. రోజుకి ఓ 200 అలారాలు. సగటున 100 రోజులకి ఒకసారి బిగుసుకోవాలి. ఫిబ్రవరి ఆరంభం నుంచి మే నడిమి దాకా లెక్కపెట్టుకోండి. ఎంత నిజాయితీగా బిగుసుకుందో!

రోజుకి 200 అలారాలేమిటి అని మీరు అడగాలి. అదీ నా తెలివే. ఎల్ఎం75లో రెండు హద్దులు పెట్టుకోవచ్చు, ఎక్కడ మోగాలో ఒకటి, ఎంతకి దిగితే ఆగాలో రెండోది. 10కి మోగి 8కి ఆగితే ఛాంబర్ నిజంగా చల్లబడ్డాకే ఊరుకుంటుంది. నేను 10, 9.5 పెట్టాను. ఆ సెన్సర్ కొలిచే మెట్టే అర డిగ్రీ. సీజన్‌లో లారీ వచ్చిన ప్రతిసారీ తలుపు తీస్తారు, బయటి గుంటూరు ఎండ లోపలికి ఒక్క ఊపు ఊపుతుంది, అలారం మోగుతుంది, ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. మెసేజ్‌లు ఎక్కువైపోయాయని మావయ్య మొదటి వారంలోనే అంటే మెసేజ్‌లు తగ్గించాను గానీ ఇంటరప్టులు తగ్గించలేదు. వాటి సంగతి ఆయనకి కనపడదు కదా.

లాక్ విషయానికి మందు చిన్నదే. పట్టుకునే ముందు ఆ కోర్ మీద ఇంటరప్టులు ఆపాలి, వదిలాక ముందున్నట్టే తిరిగి తెరవాలి. లినక్స్‌లో దీనికి స్పిన్ లాక్ ఐఆర్‌క్యూ సేవ్ అని తయారుగా ఉంది. ఇక్కడ చాలామందికి ఒక టెన్షన్, ఆపిన ఆ 25 మైక్రోసెకన్లలో అలారం వస్తే పోతుందేమోనని. పోదు. ఇంటరప్ట్ కంట్రోలర్ దాన్ని రాసిపెట్టుకుంటుంది, గడియ తీయగానే ముందుకు నెడుతుంది. సెన్సర్ కాలు కూడా వేడి తగ్గేదాకా కిందే ఉంటుంది. మధ్యలో రెండుసార్లు మోగితే ఒకటిగా కలిసిపోవచ్చు, అంతే, తలుపు కొట్టినవాడు రెండుసార్లు కొట్టినా మనం ఒకసారే తీస్తాం. గంటల తరబడి మెల్లగా వేడెక్కే ఛాంబర్‌కి 25 మైక్రోసెకన్లు లెక్కలోకే రావు. అసలు చూడాల్సింది ఆ గడియ ఎంతసేపు అన్నదే.

అక్కడ కూడా నేను ఒకసారి జారాను. లాక్ సరిచేస్తూ చేస్తూ, హ్యాండ్లర్‌లోనే సెన్సర్‌ని తాజాగా చదివేస్తే బాగుంటుందనిపించింది. సెన్సర్‌తో మాట్లాడే తీగ వేగం సెకనుకి లక్ష బిట్లు. ఒక్కసారి ఉష్ణోగ్రత చదవడానికి చిరునామాలూ అవీ కలిపి ఐదు బైట్లు, ఒక్కోదానికి తొమ్మిది బిట్లు, మొత్తం 450 మైక్రోసెకన్లు. 1.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అది ఐదు లక్షల పైచిలుకు గడియారపు టిక్కులు. అంతసేపు ఊరికే ఉండటం ఇష్టంలేక ఆ తీగ డ్రైవర్ నిద్రపోతుంది, పనయ్యాక లేపమంటుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నిద్రపోవడం నిషిద్ధం, ఎందుకంటే అక్కడ నిద్రపోయినవాడిని మళ్లీ పిలవడానికి అతనికంటూ ఒక పేరు, వరుస సంఖ్య ఉండవు, ఎవరి పనిలోనో దూరి వచ్చాడు. కెర్నెల్ "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని తిట్టి పడేసింది.

అందుకే పనిని రెండు ముక్కలు చేస్తారు. మొదటిది రాత్రి వాచ్‌మన్ పని, గేటు దగ్గర ఎవరొచ్చారో పుస్తకంలో రాసుకుని లోపలికి బెల్ కొట్టడం. సామాను దించడం, లెక్క చూడటం లోపలివాళ్లది, వాళ్లు మామూలు థ్రెడ్, అంటే కెర్నెల్ వరుసలో సొంత పేరున్న పని, కావాలంటే నిద్రపోవచ్చు. 2009లో వచ్చిన 2.6.30 కెర్నెల్ నుంచి ఈ రెండో ముక్కని ఇంటరప్టుకి సొంత థ్రెడ్‌గా ఇచ్చే సదుపాయం లినక్స్‌లో ఉంది. 2024 నవంబరులో వచ్చిన 6.12లో రియల్‌టైమ్ మద్దతు, అంటే చెప్పిన గడువులోపు స్పందించే ఏర్పాటు, అసలు కెర్నెల్‌లో కలిసింది. అది ఎంచుకుంటే దాదాపు హ్యాండ్లర్లన్నీ థ్రెడ్లే, స్పిన్‌లాకులు కూడా చాలావరకు గింగిరాలు మానేసి కూర్చుని ఎదురుచూస్తాయి. ఇరవై ఏళ్లు పట్టింది దీనికి. చివరిదాకా అడ్డుపడింది ఏమిటంటే, కెర్నెల్ తన బాధల్ని స్క్రీన్ మీద అచ్చువేసే కోడ్!

నాలాగా బోర్లాపడ్డవాళ్లలో పెద్దవాళ్లూ ఉన్నారు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కొద్ది రోజులకే దానంతటదే రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ కొలతల పని, తక్కువ ప్రాధాన్యం గలది, ఒక లాక్ పట్టుకుంది. ముఖ్యమైన పని దాని కోసం ఆగింది. ఈలోగా మధ్యరకం పనులు వచ్చి వాతావరణాన్ని తొక్కేశాయి. లాక్ వదలదు, ముఖ్యమైనది నడవదు, కాపలా టైమర్ చూసి చూసి రీసెట్ కొట్టింది. లాక్ పట్టుకున్న చిన్నవాడికి, దాని కోసం ఆగిన పెద్దవాడి హోదా తాత్కాలికంగా ఇచ్చే ఏర్పాటు ఆ సిస్టమ్‌లో ముందే ఉంది, ఆఫ్ చేసి ఉందంతే. భూమ్మీద నుంచే ఆన్ చేశారు. నా బోర్డులో కూడా అలాంటి కాపలా టైమర్ ఉంది, నేను ఆన్ చేయలేదు. చేసి ఉంటే ఆ రాత్రి కొన్ని సెకన్లలో బోర్డు తిరిగి లేచేది.

హూటర్ సంగతి చెప్పాలి. పాతదైనా దాని వెనక ఉన్న ఆలోచన పాతది కాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో వేడి మరీ శ్రుతి మించితే థర్మ్‌ట్రిప్ అనే సిగ్నల్ నేరుగా కరెంటు కోసేస్తుంది, కెర్నెల్‌ని అడగదు, లాక్ ఎవరి దగ్గరుందో చూడదు. మావయ్య గోడ మీది థర్మోస్టాట్‌దీ ఆ వంశమే. సాఫ్ట్‌వేర్ అలారం పెట్టాం కదా, పాతది తీసేద్దామని ఫిబ్రవరిలో నేనే అన్నాను. ఆయన విననట్టు నటించాడు.

సరిచేసిన కోడ్‌ని ఈసారి వంద రోజులు ఆగి పరీక్షించే ఓపిక నాకు లేదు. 2006లో వచ్చిన 2.6.18 కెర్నెల్ నుంచి లాక్‌డెప్ అని ఒకటుంది, ఇంగో మోల్నార్ రాసింది. ఏ లాక్‌ని ఎక్కడెక్కడ ఏ పరిస్థితిలో పట్టుకున్నావో గుర్తుపెట్టుకుని, ఇవి రెండూ ఎప్పటికైనా కొట్టుకుంటాయని ముందే చెబుతుంది, కొట్టుకునేదాకా ఆగదు. అది ఆన్ చేసిన కెర్నెల్ వేసి, ముందు పాత తప్పుడు కోడ్‌నే ఎక్కించాను. ఇంట్లో ఏసీ గది, హద్దు 30 డిగ్రీలు పెట్టి, సెన్సర్‌ని బొటనవేలు చూపుడువేలు మధ్య నొక్కి పట్టుకున్నాను. అలారం ఒక్కసారి మోగింది. బోర్డు బిగుసుకోలేదు, పట్టికా చెడలేదు, కానీ స్క్రీన్ మీద లాక్ పరిస్థితి పొంతన లేదని మొదలుపెట్టి, ఇంటరప్టులు తెరిచి ఉండగా పట్టుకున్న లైనూ, ఇంటరప్ట్ లోపల పట్టుకున్న లైనూ, రెండూ ఫైల్ పేర్లతో సహా పరిచి పెట్టింది. వేళ్లు ఇంకా సెన్సర్ మీదే ఉన్నాయి.