టర్కీ కోడి వేటకు ఏ గేజ్ తుపాకి? అపోహలు - వాస్తవాలు

టెక్సస్ రాష్ట్రంలో వేటగాళ్ల శిక్షణ తరగతులకు స్వచ్ఛంద బోధకుడిగా ఉన్నందువల్ల, వసంతకాలపు టర్కీ సీజను దగ్గరపడేకొద్దీ మన తెలుగువారి నుంచి నాకు వచ్చే ఫోన్లు పెరుగుతాయి. వాటిలో చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "అన్నా, పన్నెండు గేజ్, మూడున్నర అంగుళాల మాగ్నం లేకపోతే టర్కీ పడదంటున్నారు, నిజమేనా?" గేజ్ అంటే తుపాకి గొట్టం వెడల్పును చెప్పే అంకె; అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దది, అంటే పన్నెండు కంటే ఇరవై చిన్నది. మూడున్నర అంగుళాలన్నది తూటా పొడవు, మాగ్నం అంటే మామూలుకంటే బరువైన తూటా. కొందరు అప్పటికే ఆ తుపాకి కొనేసి, నాలుగైదు తూటాలు కాల్చి, భుజం కమిలిపోయి, ఈ వేట తమవల్ల కాదేమోనన్న నిరాశలో ఉంటారు. వారిని నేను తప్పుపట్టను. కాగితం మీద ఒక్కసారైనా కాల్చి చూడకుండా ఆ మాటను ఒకరి నుంచి ఒకరికి చేరవేస్తున్నవారి మీదే నా కోపమంతా.

అపోహ: 12 గేజ్, అందులోనూ 3½ అంగుళాల తూటా లేనిదే మగ టర్కీ పడదు.

వాస్తవం: టర్కీ పడేది తుపాకి గొట్టం వెడల్పును బట్టి కాదు. మెదడుకో మెడ ఎముకకో తగినన్ని పెల్లెట్లు (తూటాలోని చిన్న గుండ్లు) తగినంత బలంతో తగిలితేనే అది పడుతుంది. టర్కీ ఒంటిని దట్టమైన ఈకలు, మందమైన రొమ్ము కండరం, గట్టి రెక్కల ఎముకలు కాపాడతాయి కనుక షాట్‌గన్‌తో, అంటే ఇలా పెల్లెట్లు చిమ్మే తుపాకితో, ఒంటి మీద కాల్చకూడదు. గురి ఎప్పుడూ తల, మెడలకే ఉండాలి. ఇక 20 గేజ్ నుంచి వెలువడిన 5వ నంబరు సీసపు పెల్లెట్‌ను, 12 గేజ్ నుంచి వెలువడిన అదే పెల్లెట్‌ను పక్కపక్కన పెట్టి ఆలోచించండి. రెండూ ఒకే బరువు, రెండూ దాదాపు ఒకే వేగం, అంటే సెకనుకు 1100 నుంచి 1300 అడుగుల మధ్య. 30 గజాల దూరంలో రెండూ ఒకే బలంతో తగులుతాయి. గొట్టం పెద్దదైతే ఒక్కో పెల్లెట్ బలం పెరుగుతుందన్నది శుద్ధ అబద్ధం. మారేది పెల్లెట్ల సంఖ్య మాత్రమే.

ఆ సంఖ్యలో తేడా కూడా జనం ఊహించుకున్నంత లేదు. 5వ నంబరు సీసపు పెల్లెట్లు ఔన్సుకు సుమారు 170 వస్తాయి, 6వ నంబరువి సుమారు 225 వస్తాయి. 12 గేజ్ 3 అంగుళాల తూటాలో 1¾ ఔన్సుల 5వ నంబరు వేస్తే దాదాపు 300 పెల్లెట్లు ఉంటాయి. 20 గేజ్ 3 అంగుళాల తూటాలో 1¼ ఔన్సుల 6వ నంబరు వేస్తే దాదాపు 280 ఉంటాయి. 6వ నంబరు పెల్లెట్ కొంచెం చిన్నది కనుక దాని బలం దూరంతోపాటు త్వరగా తగ్గుతుందన్నది నిజమే. అందుకే సీసంతో 20 గేజ్ వాడేవారు 30, 35 గజాల లోపల ఆగమని చెబుతాను. అయితే 12 గేజ్ పట్టుకున్న కొత్తవారు కూడా ఆ దూరం లోపలే ఆగడం మంచిది కదా! 12 గేజ్‌లోనే 3 అంగుళాల నుంచి 3½ అంగుళాలకు వెళ్తే ఏం లాభమో చూద్దాం. 2 ఔన్సుల నుంచి 2¼ ఔన్సులకు పోతే నలభై పైచిలుకు పెల్లెట్లు అదనంగా వస్తాయి. వాటిలో తలకు, మెడకు తగిలేవి కొన్నే.

అసలు ఆ 3½ అంగుళాల తూటా టర్కీల కోసం పుట్టింది కాదు. బాతుల వేటలో సీసపు పెల్లెట్ల నిషేధం అమెరికాలో దశలవారీగా వచ్చి 1991 నాటికి దేశమంతటా అమలైంది. సీసం కంటే తేలికైన ఉక్కు పెల్లెట్లతో అదే పని చేయాలంటే పెద్ద పెల్లెట్లు, వాటికి ఎక్కువ చోటు కావలసి వచ్చాయి. ఆ అవసరం కోసం 1988లో మాస్‌బర్గ్ సంస్థ 835 తుపాకితో, ఫెడరల్ సంస్థ తూటాతో 12 గేజ్‌కు ఈ పొడవును తెచ్చాయి. తరువాత అది టర్కీ వేటలోకి కూడా వచ్చింది, పొడవైనదే మేలన్న నమ్మకం దానితోపాటే స్థిరపడింది.

ఈ అపోహకు జనం చెల్లించే మూల్యం చాలా పెద్దది. ఏడున్నర పౌండ్ల తుపాకిలో 2¼ ఔన్సుల తూటా పేలినప్పుడు అది వెనక్కి తన్నే శక్తి, జింకల వేటకు వాడే .30-06 రైఫిల్ తన్నే శక్తికి రెండింతలు దాటుతుంది. ఆ దెబ్బ ఒకటి రెండుసార్లు తిన్న శరీరం మూడోసారి ముందే భయపడుతుంది. ట్రిగర్ నొక్కే క్షణానికి కళ్లు మూసుకుపోతాయి, భుజం బిగుసుకుంటుంది, గొట్టం కిందికో పక్కకో జారుతుంది. మరికొందరు దెబ్బకు భయపడి చెంపను తుపాకి మీద నుంచి లేపేస్తారు, దాంతో పెల్లెట్ల గుంపు టర్కీ తల పైనుంచి పోతుంది. అదనపు నలభై పెల్లెట్ల కోసం మొత్తం గుంపునే పోగొట్టుకోవడం ఇది. అంతకంటే బాధాకరమైనది, అంచు పెల్లెట్లు నాలుగు తగిలిన పక్షి పొదల్లోకి పారిపోయి ఎక్కడో చావడం. వేటగాడిగా నేను సహించలేనిది అదే.

డాలస్ దగ్గర ఉంటున్న ఒక జంట నా తరగతికి వచ్చారు. ఊళ్లో తాతగారి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకిని చూస్తూ పెరిగినవాడు కావడంతో, అంతకంటే చిన్నదేదైనా పిల్లల ఆట వస్తువని ఆ భర్త నమ్మకం. ఆ నమ్మకంతోనే సన్నగా, పొట్టిగా ఉన్న భార్యకు కూడా 3½ అంగుళాల 12 గేజ్ కొనిపెట్టాడు. ఆమె కాల్చిన గుంపు ప్రతిసారీ కాగితం కింది కుడి మూలలో పడుతోంది. ఆమె తనకు చేతకాదనుకుంటోంది. ఆమెతో తేలికపాటి టార్గెట్ తూటాలతో 20 గేజ్ పట్టించాను, భయం పోయాక వేట తూటా ఒకటి ఇచ్చాను. 30 గజాల దగ్గర గీసిన టర్కీ బొమ్మ తల, మెడ రంధ్రాలతో నిండిపోయాయి. "ఇంతసేపూ తుపాకిదేనా అన్నయ్యా తప్పు?" అని ఆమె అడిగినప్పుడు ఆ ముఖంలో కనిపించిన ఊరట ఎంతో, ఈ పనిలో ఉన్నవారికి తెలుస్తుంది. ఆ వసంతంలోనే ఆమె టెక్సస్‌లోని హిల్ కంట్రీ ప్రాంతంలో తన మొదటి రియో గ్రాండే రకం మగ టర్కీని ఒక్క తూటాతో పడగొట్టింది.

అపోహ: టీఎస్ఎస్ వచ్చింది కనుక .410తో (20 గేజ్ కంటే సన్నని గొట్టం ఉన్న తుపాకితో) కూడా 60, 70 గజాలు కాల్చవచ్చు.

వాస్తవం: మొదటి అపోహకు విసిగినవారు ఈ రెండోదానిలో పడుతున్నారు. టీఎస్ఎస్ అంటే టంగ్‌స్టన్ సూపర్ షాట్. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 18 గ్రాములు, సీసానిది 11 పైచిలుకు, ఉక్కుది 8కి లోపు. ఇంత సాంద్రత వల్ల 9వ నంబరు టీఎస్ఎస్ పెల్లెట్, అంత చిన్నదైనా, 5వ నంబరు సీసపు పెల్లెట్‌కు తీసిపోకుండా లోపలికి దూసుకుపోతుంది. పైగా ఔన్సుకు 360 దాకా పడతాయి. 13/16 ఔన్సు ఉన్న .410 తూటాలో దాదాపు 290 పెల్లెట్లు, అంటే పైన చెప్పిన 12 గేజ్ సీసపు తూటాలో ఉన్నన్ని. చిన్న గేజ్‌లకు ఇది నిజమైన మార్పు, దాన్ని నేను మనసారా స్వాగతిస్తాను. కానీ ఈ లెక్క .410ని పాత 12 గేజ్ దూరానికి తెచ్చింది, అంతకు మించి కాదు. అడవిలో 60 గజాలను 45 అనుకోవడం చాలా సులభం, మధ్యలో కనిపించని కొమ్మ ఒకటి ఉంటుంది, పక్షి తల క్షణం నిలవదు. 40 గజాలు దాటితే కాల్చకండి, పిలిచి దగ్గరకు రప్పించండి. ఈ వేటలో విద్య అంతా ఆ పిలుపులోనే ఉంది. ఒక్కో టీఎస్ఎస్ తూటా సాధారణంగా 10 డాలర్లు దాటుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. 12 గేజ్‌తో 35 గజాల లోపల కాల్చేవారికి దాని అవసరం దాదాపు లేదు.

అపోహ: పెట్టె మీద టర్కీ బొమ్మ, చోక్ (పెల్లెట్లు దగ్గరగా పోయేలా గొట్టం కొనకు బిగించే ముక్క) మీద టర్కీ అన్న ముద్ర ఉంటే చాలు, కాగితం మీద కాల్చి చూడనక్కర లేదు.

వాస్తవం: గేజ్ గురించి గంటలు వాదించేవారిలో అరగంట పాటు ప్యాటర్న్ (పెల్లెట్లు కాగితం మీద ఎలా పరుచుకుంటున్నాయో) చూసేవారు చాలా తక్కువ. అవే మోడల్ తుపాకులు రెండు తీసుకుని, అదే చోక్, అదే తూటా వాడినా ప్యాటర్న్‌లు వేరుగా రావచ్చు. బిగువైన చోక్ వేయగానే కొన్ని తుపాకులు గురి పెట్టిన చోటికి అర అడుగు పక్కన కాలుస్తాయి, ఆ సంగతి కాగితం తప్ప మరెవరూ చెప్పలేరు. మూడు అడుగుల వెడల్పు కాగితం మధ్యలో టర్కీ తల గీసి, తుపాకిని స్థిరమైన ఆధారం మీద పెట్టి, మీరు వేటలో వాడబోయే తూటాతోనే 20, 30, 40 గజాల దగ్గర కాల్చండి. పెల్లెట్లు ఎక్కువగా పడిన చోట 10 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టండి. ఆ వృత్తంలో 100 పెల్లెట్లు పడినంత దూరమే మీ తుపాకి హద్దు అన్నది అనుభవజ్ఞులు పాటించే కొలత. ఆ వృత్తం మీరు గురి పెట్టిన చోటే ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే సైట్ సరిచేయండి. తరువాత 12 గజాల దగ్గర కూడా ఒకటి కాల్చండి. అక్కడ గుంపు పిడికిలి కంటే పెద్దగా ఉండకపోవచ్చు. ఎంత బిగువైన చోక్ అయితే అంత మేలనేవారికి అదే జవాబు. దగ్గరకు వచ్చిన పక్షి పూర్తిగా తప్పిపోవడానికి ఆ బిగువే కారణమవుతుంది.

అపోహ: 20 గేజ్ పిల్లలకు, ఆడవారికి. దీనికి పై లెక్కలే సమాధానం. మోకాళ్ల మీద తుపాకి పెట్టుకుని కదలకుండా గంటసేపు కూర్చోవలసిన వేటలో తేలికైన తుపాకి ఎవరికైనా సుఖమే.

అపోహ: 10 గేజ్ ఉంటే ఇంకా మేలు. బరువు మోయగలిగితే వాడుకోండి, కానీ కొత్తవారు దాని జోలికి పోనక్కర లేదు.

ఇంట్లో 12, 20 గేజ్‌లు రెండూ ఉన్నవారికి ఒక హెచ్చరిక. 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. తుపాకి ఖాళీగా ఉందనుకుని వెనుక 12 గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పేలి చేతివేళ్లు పోవచ్చు. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు కేటాయించింది అందుకే. ఒకే జేబులో రెండు రకాల తూటాలతో తరగతికి వచ్చినవారిని నేను అక్కడికక్కడే ఆపి జేబులు ఖాళీ చేయిస్తాను, మొహమాటపడను. అలాగే 3 అంగుళాల ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఉన్న తుపాకిలో 3½ అంగుళాల తూటా వేయకూడదు.

వీసాల విషయంలో పుకార్లు మరీ ఎక్కువ. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ఉన్నవారు, అంటే హెచ్-1బి, ఎఫ్-1 వంటివారు, తుపాకి తమ వద్ద ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి అదే చట్టంలో మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు ముగిస్తే ఆ ఆధారం పోతుంది. స్నేహితుడి తుపాకి రేంజ్‌లో కాసేపు పట్టుకుంటే ఏమవుతుందిలే అనే మాట ఎవరు చెప్పినా వినకండి. వలస వ్యవహారాల న్యాయవాదిని అడిగిన తరువాతే ముందడుగు వేయండి. గేజ్, పెల్లెట్ పరిమాణాల మీద కూడా రాష్ట్రానికో నియమం ఉంటుంది. 2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో ఏ వేటకైనా సీసం నిషిద్ధం. టెక్సస్ తూర్పు కౌంటీల్లో టర్కీకి షాట్‌గన్, విల్లు లేదా క్రాస్‌బో మాత్రమే వాడాలి. ఆ సంవత్సరపు నియమాల పుస్తకం చదివాకే తూటాలు కొనండి.

ఇంతా విన్న తరువాత కూడా "మరి నేనేం కొనాలి?" అని అడిగేవారికి నా సలహా ఇది. ఇంట్లో 12 గేజ్ ఉండి దాని తన్ను మీకు ఇబ్బంది కాకపోతే కొత్త తుపాకి కొనకండి, 3 అంగుళాల తూటాతో ప్యాటర్న్ చూసుకోండి. కొత్తగా కొనేవారు, భుజం నొప్పి ఉన్నవారు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకోవాలనుకునేవారు 20 గేజ్ తీసుకోండి. .410ని, 28 గేజ్‌ని ఇప్పటికే చేయి కుదిరినవారికి, టీఎస్ఎస్ ఖర్చు భరించగలవారికి వదిలేయండి. ఏది కొన్నా మిగిలిన డబ్బుతో మంచి చోక్ ఒకటి, రెండు రకాల తూటాలు, కాగితాల చుట్ట ఒకటి కొనుక్కోండి. తూటా కంపెనీ మార్చిన ప్రతిసారీ మళ్లీ కాల్చి చూసుకోండి.